ముట్టుకుంటే ఆడాల్సిందే!

ఇంట్లో అందరినీ ఓడిస్తున్న పిల్లాణ్ని చదరంగం పోటీలకు ఎప్పుడు తీసుకెళ్లాలి? ఆరేళ్లకా, పదేళ్లకా, ‘ఆట బాగా వచ్చాక’నా? తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో సెలవులొస్తే చాలు, ఈ ప్రశ్న లేచి కూర్చుంటుంది.

పెంటపాడులో ఏ అరుగైనా అనుకోండి. సాయంత్రం అయిదు దాటింది. తాతయ్య గోడకి చేరబడి కూర్చున్నాడు. ఎదురుగా ఎనిమిదేళ్ల మనవడు. మధ్యన, మడత దగ్గర చిరిగితే టేపు అంటించిన అట్ట బోర్డు. తెల్ల ఏనుగుల్లో ఒకటి ఎప్పుడో పోయింది. దాని బదులు దగ్గు మందు సీసా మూత కాపలా కాస్తోంది. మనవడు గుర్రాన్ని ఎత్తాడు. గాల్లో ఓ చుట్టు తిప్పాడు. ఎక్కడ దించినా మంత్రి పోతుందని అప్పుడు కనిపెట్టి, చప్పుడు లేకుండా పాత గడిలోనే పెట్టేశాడు.

“ముట్టుకున్నావుగా అబ్బాయ్!”

“ఊరికే సర్దాను తాతయ్యా.”

“సర్దావా! సరేలే, మళ్లీ చూసుకో.”

మళ్లీ చూసుకున్నాడు. గెలిచాడు. లోపల్నుంచి తల్లి గొంతు: “ఏవండీ, వీడు మామయ్యగారిని కూడా ఓడించేస్తున్నాడు. గూడెంలో ఏదో పోటీ ఉందంట, తీసుకెళ్లకూడదూ?” తండ్రి పేపరు మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: “ఇంకో ఏడాది పోనీ. ఇప్పుడు తీసుకెళ్తే ఓడిపోయి బెంగెట్టుకుంటాడు.”

ఇల్లు ఊహించిందే కానీ ఈ మాటలు ఊహించినవి కావు. చదరంగం తెలిసిన ప్రతి ఇంట్లో ఏదో ఒక రోజు ఈ పంచాయితీ జరుగుతుంది. తల్లి ఆత్రం తప్పు కాదు, తండ్రి భయమూ తప్పు కాదు. ఇద్దరూ పిల్లాడి గెలుపోటముల లెక్కే చూస్తున్నారు. అరుగు మీద జరిగిన అసలు సంగతి మాత్రం ఇద్దరి కంటా పడలేదు. గుర్రం గాల్లోకి లేచి తిరిగి పాత గడికే వచ్చింది చూశారూ, అదీ అసలు సంగతి.

అరుగు ఆట వేరు, హాలు ఆట వేరు

తాతల దగ్గర నేర్చుకున్న చదరంగానికీ పోటీల చదరంగానికీ నియమాల్లోనే తేడా ఉంది. మన ఊళ్లలోని పాత ఆటలో చాలాచోట్ల బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) ఉండదు. దాని బదులు రాజుకు ఒక్కసారి గుర్రంలా గెంతే వీలుంటుంది. పోటీల్లో ఆడేది అంతర్జాతీయ నియమాల ఆట. అందులో బంటు మొదటి ఎత్తుకు రెండు గడులు పోవచ్చు. అలా రెండు గడులు దూకిన బంటును పక్కనున్న బంటు ‘ఎన్‌పాసాంట్’తో కొట్టేయొచ్చు. ఎదుటి రాజుకు చెక్ లేకుండా, కదలడానికి ఏ పావుకూ దారి లేకుండా చేస్తే అది గెలుపు కాదు, డ్రా. మంత్రి, రెండు ఏనుగులు మిగుల్చుకుని కూడా చేజేతులా అర పాయింటు పోగొట్టుకునే పిల్లలు ప్రతి టోర్నీలో కనబడతారు.

నియమాలు వారంలో నేర్పొచ్చు. కష్టమంతా హాల్లో పాటించాల్సిన పద్ధతితో. పావును ముట్టుకుంటే ఆడాల్సిందే. ఎదుటివాళ్ల పావును ముట్టుకుంటే, వీలున్నంత వరకూ దాన్ని కొట్టాల్సిందే. గడిలో వంకరగా ఉన్న పావును సరిచేయాలన్నా ‘సర్దుతున్నాను’ అని ముందే చెప్పి చెయ్యి వేయాలి. ముట్టుకున్నాక చెబితే చెల్లదు. ఏ చేత్తో పావు కదిపితే ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. నియమం తప్పిన ఎత్తు వేసి గడియారం నొక్కేస్తే, మొదటిసారి ఎదుటివాళ్లకు రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు. రెండోసారీ అదే చేస్తే మామూలుగా ఆట పోయినట్టే. జేబులో ఫోను దొరికినా అంతే. అనుమానం వస్తే గడియారం ఆపి, చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలవాలి. నాన్న వంక చూడటానికి వీల్లేదు. చాలాచోట్ల పెద్దవాళ్లను హాల్లోకే రానివ్వరు.

క్లాసికల్ టోర్నీ అయితే ఆడిన ప్రతి ఎత్తునూ, ఎదుటివాళ్ల ఎత్తునూ స్కోర్‌షీట్ మీద రాసుకోవాలి. గంటన్నర సమయం, ఆపైన ఎత్తుకు ముప్పై సెకన్లు కలిసే ఆటలో ఒక్కో రౌండు మూడు గంటలు దాటిపోతుంది. ఒక రోజులో అయిపోయే ర్యాపిడ్ పోటీల్లో ఈ రాత పని తప్పనిసరి కాదు. చిన్నపిల్లలు సాధారణంగా వీటితోనే మొదలుపెడతారు.

ఇంట్లో ఎన్నేళ్లు ఆడినా ఈ అలవాట్లేవీ రావు. “సర్దావా, సరేలే” అనే తాతయ్య ఎదురుగా ఉన్నంతకాలం రావు. ‘ఆట పూర్తిగా వచ్చాక తీసుకెళ్దాం’ అనుకునేవాళ్లు ఎన్నేళ్లయినా అలా అనుకుంటూనే ఉండిపోవడానికి కారణం ఇదే.

నారు ఎప్పుడు తీయాలి?

తండ్రి భయానికి డెల్టా రైతు దగ్గర జవాబుంది. సార్వా నారుమడి చూడండి. మడిలో ఉన్నన్నాళ్లూ నారు ఒత్తుగా, పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చట చూస్తూ కూర్చుంటే పంట రాదు. మరీ లేత నారు తీసి నాటితే కుదురుకోలేక నీటికి తేలిపోతుంది. ముదిరిపోయాక నాటితే బతుకుతుంది కానీ పిలకలు సరిగా వేయదు. పంటకాలం ఎన్ని నెలలో నారు వయసు అన్ని వారాలన్నది పొలాల్లో చెప్పుకునే లెక్క. మన మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ దాదాపు అయిదు నెలల పంట, దాని నారుకు అయిదు వారాలు. నాలుగు నెలల్లో కోతకొచ్చే రకానికి నాలుగు వారాలు చాలు.

అంటే తేదీ ఒక్కటే సరిపోదు, మడిలో ఉన్నది ఏ రకమో కూడా తెలియాలి. చదరంగంలోనూ అంతే. ఆరేళ్లకే గంటసేపు కదలకుండా కూర్చునే పిల్లలున్నారు. పదకొండేళ్లొచ్చినా పది నిమిషాలకోసారి మంచినీళ్లకు లేచే పిల్లలున్నారు. రెండో రకం తెలివి తక్కువది కాదు, కాలం ఎక్కువ పట్టే రకం.

వయసుకు హద్దు ఎక్కడుందని అడిగితే ప్రపంచ చదరంగం దగ్గర సూటి జవాబు లేదు. కోల్‌కతాకు చెందిన అనీశ్ సర్కార్ 2024లో, నాలుగేళ్లు నిండకముందే అంతర్జాతీయ రేటింగ్ జాబితాలో చేరాడు. పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ దిగ్గజం మిఖాయిల్ చిగోరిన్ ఆట నేర్చుకున్నది పదహారేళ్లకు. అయినా 1889లో, 1892లో రెండుసార్లు ప్రపంచ టైటిల్ కోసం స్టెయినిట్జ్‌తో తలపడ్డాడు. చైనా ఆటగాడు యే జియాంగ్‌చువాన్ పదిహేడేళ్లకు అంతర్జాతీయ చదరంగంలో అడుగుపెట్టి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఈ రెండు కొసల మధ్య మన పిల్లలకు బోలెడంత జాగా ఉంది.

కొల్లేటికి ఆవలి వైపు

పెంటపాడు నుంచి చూస్తే కొల్లేటికి ఆవలి వైపు, కృష్ణా డెల్టాలో ఉంటుంది గుడివాడ. 1987 మార్చి 31న కోనేరు హంపి పుట్టింది అక్కడే. తండ్రి అశోక్‌కు చదరంగం ప్రాణం. కూతురు చాంపియన్ కావాలని ఆ మాటలోంచే పేరు తీశారు. ఇంగ్లిషులో రాస్తే రష్యన్ పేరులా కనబడాలని తర్వాత స్పెల్లింగు కూడా మార్చారు. పాప ఆటలో పదును గమనించాక అధ్యాపక ఉద్యోగం వదిలేసి తానే కోచ్ అయ్యారు. 1997లో ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో పదేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిల్ వచ్చింది. 1998లో పన్నెండేళ్లలోపు విభాగంలో, 2000లో పద్నాలుగేళ్లలోపు విభాగంలో మళ్లీ వచ్చాయి. 2002లో, పదిహేనేళ్ల ఒక నెల ఇరవై ఏడు రోజుల వయసులో, హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అప్పటికి ఆడవాళ్లలో అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్నవాళ్లు లేరు. అంతకుముందు రికార్డు హంగేరీ క్రీడాకారిణి జూడిత్ పోల్గార్‌ది. తేడా సుమారు మూడు నెలలు.

ఈ కథ చదివిన తల్లిదండ్రులు ‘చిన్నప్పుడే మొదలెట్టాలన్నమాట’ అని పుస్తకం మూసేస్తారు. కథలో అంతకన్నా పనికొచ్చే పేజీ చాలా ఆలస్యంగా వస్తుంది. 2024 డిసెంబరు, న్యూయార్క్, మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీ. అప్పటికి హంపి వయసు ముప్పై ఏడు. ఒక బిడ్డకు తల్లి. 2019లో ఇదే టైటిల్ ఒకసారి గెలిచారు. టోర్నీలకు కొత్తేం కాదు. అలాంటి మనిషి మొదటి రౌండు ఓడిపోయారు. తర్వాత పుంజుకుని, పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లతో రెండోసారి ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఏడాది తిరక్కుండానే, 2025 జులైలో, బాతుమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో తన వయసులో సగమున్న దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడారు.

మొదటి టోర్నీలో మొదటి రౌండు ఓడిన పిల్లాడికి చెప్పాల్సిన కథ ఇది. గుడివాడ ఎంతో దూరం లేదు కాబట్టి బాగా అర్థమవుతుంది కూడా.

బుడాపెస్ట్ పంక్తిలో నలుగురు

2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ చదరంగం ఒలింపియాడ్ స్వర్ణం గెలిచాయి. ఆ రెండు జట్లలో తెలుగిళ్ల వాళ్లు నలుగురు. వాళ్ల దారులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి పోలికే ఉండదు.

గుంటూరుకు చెందిన హరికృష్ణ తాతగారి దగ్గర పావులు పట్టుకున్నాడు. 1996లో పదేళ్లలోపు ప్రపంచ చాంపియన్, 2001లో పదిహేనేళ్లకు గ్రాండ్‌మాస్టర్, 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్. గుంటూరు అమ్మాయే ద్రోణవల్లి హారిక. 2008లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ గెలిచినా గ్రాండ్‌మాస్టర్ హోదా 2011లో, ఇరవై ఏళ్లకు వచ్చింది. హంపితో పోలిస్తే అయిదేళ్లు ఆలస్యం. ఆ తర్వాత మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మూడు కాంస్యాలు, నిండు గర్భంతో 2022 చెన్నై ఒలింపియాడ్‌లో మరో కాంస్యం, ఆపైన బుడాపెస్ట్‌లో ఈ స్వర్ణం. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2018లో, పదిహేనేళ్లు నిండటానికి కొద్దిరోజుల ముందు గ్రాండ్‌మాస్టరయ్యాడు. 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగ్ సాధించాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతనే. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ దొమ్మరాజు ఏడేళ్లకు బడిలో ఆట నేర్చుకున్నాడు. పన్నెండేళ్ల ఏడు నెలలకు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. పద్దెనిమిదేళ్లకు, 2024 డిసెంబరు 12న, సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

పన్నెండు, పద్నాలుగు, పదిహేను, ఇరవై. హోదా అందిన వయసులు నాలుగు రకాలు, మెడలో పడ్డ పతకం ఒకటే. తొందరపడమనో ఆగమనో ఈ నాలుగు అంకెలు చెప్పడం లేదు. ఎవరి పంటకాలం వారిదని చెబుతున్నాయి.

మొదటి రౌండు లెక్క

ఇప్పుడు మళ్లీ తండ్రి భయానికొద్దాం. ‘ఓడిపోతాడు’ అన్నాడు. నిజమే, మొదటి రౌండు చాలావరకు ఓడిపోతాడు. దానికి కారణం పిల్లాడి ఆటలో ఉండనక్కర్లేదు, పోటీ జరిపే పద్ధతిలోనే ఉంది.

మన దగ్గర టోర్నీలు ఎక్కువగా స్విస్ పద్ధతిలో జరుగుతాయి. వంద మంది వచ్చారనుకోండి. రేటింగ్ వరుసలో నిలబెట్టి, పై సగాన్ని కింది సగంతో కలుపుతారు. ఒకటో నంబరుకు యాభై ఒకటి, రెండో నంబరుకు యాభై రెండు. రేటింగ్ లేకుండా వరుస చివర నిలబడ్డ కొత్త పిల్లాడికి తనకంటే యాభై మెట్లు పైనున్నవాడు ఎదురవుతాడు. పావుగంటలో ఆట కట్టేసి పంపిస్తే అందులో వింత లేదు.

స్విస్ మంచితనం రెండో రౌండు నుంచి తెలుస్తుంది. ఓడినంత మాత్రాన ఎవరూ ఇంటికి పోనక్కర్లేదు. గెలిచినవాళ్లకు గెలిచినవాళ్లు, ఓడినవాళ్లకు ఓడినవాళ్లు జోడీ అవుతారు. మూడో రౌండుకో నాలుగో రౌండుకో మన పిల్లాడి బల్ల ముందు అచ్చం వాడి లాంటి పిల్లో పిల్లాడో వచ్చి కూర్చుంటారు. అసలు ఆట అక్కడ మొదలవుతుంది. మొదటి రెండు రౌండ్లు ఓడగానే చెయ్యి పట్టుకుని బస్టాండుకు తీసుకొచ్చేసే తండ్రులు ఆ ఆటను పిల్లలకు దక్కకుండా చేస్తున్నారు. అన్ని రౌండ్లూ ఉండటం కుదరని రోజు అసలు వెళ్లకపోవడం మేలు.

రేటింగ్‌కు తొందరేం?

‘పక్కింటి వాడికి రేటింగ్ వచ్చింది, మావాడికి ఎప్పుడు?’ అన్నది తల్లి పక్షం ప్రశ్న. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం అయిదు ఆటలు ఆడి, వచ్చే లెక్క 1400కు తగ్గకుండా ఉండాలి. ఇదివరకు 1000 ఉండే ఈ కనీస గీతను 2024 మార్చిలో పెంచారు. రేటింగ్ వచ్చాక పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు పాయింట్లు వేగంగా కదులుతాయి. సమాన రేటింగ్ ఉన్నవాణ్ని గెలిస్తే 20 పెరుగుతాయి, ఓడితే 20 పోతాయి.

పెరిగినప్పుడు మిఠాయి పంచి, తగ్గినప్పుడు ముఖం మాడ్చుకునే ఇంట్లో ఈ అంకె తొందరగా రాకపోవడమే పిల్లాడికి రక్ష. పొందిగ్గా ఉండే వరుస ఇది: ముందు బడి పోటీలు, ఊళ్లో ఒక్కరోజు ర్యాపిడ్లు. తర్వాత ఎత్తులు రాస్తూ ఆడే క్లాసికల్ పోటీ. ఆ తర్వాత జిల్లా ఎంపికలు. అక్కణ్నుంచి రాష్ట్రం, దేశం. వయో విభాగాలు ఏడు, తొమ్మిది, పదకొండు, పదమూడు అంటూ పంతొమ్మిదేళ్లలోపు దాకా సాగుతాయి. లెక్క ఆ ఏడాది జనవరి 1 నాటి వయసును బట్టి. ఒకే విభాగంలో, ఒకే ఏట జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా ఉంటుంది. ఎనిమిదేళ్లప్పుడు ఏడాదంటే జీవితంలో ఎనిమిదో వంతు. వాడు ముందున్నాడు, వీడు వెనకున్నాడు అనేముందు పుట్టిన నెల ఒకసారి చూడండి.

సంచి సర్దేముందు అయిదు ప్రశ్నలు

• క్యాస్లింగ్, ఎన్‌పాసాంట్, బంటు చివరి వరుస చేరితే ఏమవుతుంది, ఎప్పుడు డ్రా? ఇవి తడుముకోకుండా చెబుతున్నాడా?

• ఒక్క మంత్రితో, రెండు ఏనుగులతో ఆట కట్టడం వచ్చా? గెలిచే ఆటను ముగించడం రాకపోతే ఓటమి కన్నా ఎక్కువ బాధ.

• ఒంటరిగా, మాట్లాడకుండా అరగంట కూర్చోగలడా? ముక్కూ మొహం తెలియని పెద్దాయన్ని చెయ్యెత్తి పిలవగలడా?

• గడియారం పెట్టి ఇంట్లో కనీసం పది ఆటలు ఆడాడా?

• ఓడాక చెయ్యి కలిపి, పావులు సర్ది లేస్తున్నాడా, విసిరికొట్టి లేస్తున్నాడా?

నాలుగింటికి అవునని వస్తే బయల్దేరొచ్చు. అయిదోదానికి మాత్రం జవాబు ‘విసిరికొట్టి’ అని వస్తే ఆగండి.

పదో తరగతి గోడ

తెలుగిళ్లలో ‘ఎప్పుడు మొదలెట్టాలి’ అనే ప్రశ్నకు తోకలా ‘ఎప్పుడు ఆపాలి’ అన్నది కూడా ఉంటుంది. పదో తరగతి రాగానే చాలా ఇళ్లలో చదరంగం బోర్డు అటకెక్కుతుంది. ఇంటర్ హాస్టల్లో దానికి చోటుండదు. గుకేశ్‌ను తల్లిదండ్రులు నాలుగో తరగతి తర్వాత రోజువారీ బడి మాన్పించారు. తండ్రి, ఈఎన్‌టీ సర్జన్, ప్రాక్టీసు పక్కనబెట్టి కొడుకు వెంట దేశాలు తిరిగారు. అలాంటి పందెం అందరూ కాయలేరు, కాయక్కర్లేదు కూడా. అయితే గోడ పదిహేనేళ్ల దగ్గర ఉందని తెలిసినప్పుడు, పద్నాలుగేళ్లకు మొదటి టోర్నీ ఆడించడంలో అర్థం తక్కువ. ఎనిమిదేళ్లకీ పదకొండేళ్లకీ మధ్య మొదలైతే గోడ వచ్చేలోపు పిల్లాడికి ఆట మీద తనదంటూ ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. ఆపాలో సాగించాలో అప్పుడు వాణ్నే అడగొచ్చు.

వయసు దాటిపోయిందనుకునే పెద్దలకూ ఒక మాట. ఓపెన్ టోర్నీలో వయసు అడ్డు కాదు. యాభై దాటినవాళ్లకూ, అరవై అయిదు దాటినవాళ్లకూ ఫిడే విడిగా పోటీలు పెడుతుంది. మనవణ్ని తీసుకెళ్లిన తాతయ్య తనూ పేరు రాయించుకుంటే బయట కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడే బాధ తప్పుతుంది.

మళ్లీ అరుగు మీదకి

బల్ల మీద ముట్టుకుంటే ఆడాల్సిందే. బల్ల బయట పెద్దవాళ్లకు ఆ నియమం వర్తించదు. తీసుకెళ్లి చూశాక తొందరపడ్డామనిపిస్తే ఆర్నెల్లు ఆగొచ్చు. తప్పు ఎత్తు వేశామని ఒప్పుకుని వెనక్కి తీసుకోవచ్చు. ఆ సౌకర్యం మనకు ఉంది కాబట్టి మొదటి టోర్నీ గురించి మరీ అంత భయపడక్కర్లేదు. సాయంత్రం పిల్లాడు తిరిగొచ్చాక ‘ఎన్ని గెలిచావు’ అనే బదులు ‘ఓడిన ఆట ఒకటి చూపించు’ అనండి. రాసుకున్న కాగితం మీంచో, గుర్తున్నంత వరకో, ఎక్కడ పోయిందో వాడే పావులు పెట్టి చూపిస్తే మీరు సరైన రోజే తీసుకెళ్లారు.

ఆ రోజు వచ్చిందో లేదో ముందే తెలుసుకోవాలంటే మన అరుగు దగ్గరకే వెళ్లాలి. ఏదో ఒక సాయంత్రం. అదే అట్ట బోర్డు, అదే సీసా మూత ఏనుగు. మనవడు గుర్రాన్ని ఎత్తాడు. గాల్లో ఉండగానే చూశాడు, మంత్రి పోతుంది. చెయ్యి ఆగింది. తాతయ్య ఏమీ అనలేదు, చూడనట్టు వీధిలోకి చూస్తున్నాడు.

“ముట్టుకున్నాను తాతయ్యా. ఆడతాను.”

గుర్రం దిగింది. మంత్రి పోయింది. ఇంకో ఇరవై ఎత్తులకు ఆట కూడా పోయింది. పిల్లాడు కాసేపు బోర్డు వంక చూసి, పావులన్నీ తిరిగి వరుసలో పెట్టాడు. సీసా మూతను తన వైపుకు తిప్పుకున్నాడు.

“ఇంకోటి ఆడదామా?”

లోపల తండ్రి పేపరు మడిచి, గూడెం వెళ్లే మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి లేచాడు.